బాకా లోపలి చిలుము

అటక మీద ఏళ్ల తరబడి పడున్న ట్రంపెట్‌ను కిందికి దించితే ఇంట్లో ముందుగా వెతికేది చింతపండునే. బిందెల్నీ దీపపు కుందుల్నీ తళతళలాడించే చింతపండు బాకాను మాత్రం మెరిపించదా? మెరిపిస్తుంది. పావుగంట తోమితే పైన మచ్చ కూడా మిగలదు. తీరా ఊదబోతే, మౌత్‌పీస్ పెదవులకు ఆనకముందే మాగిన నూనె కంపు గుప్పుమంటుంది. ఆ కంపు పుట్టే చోటికి చింతపండు చేరదు. చేరకపోవడమే మేలు కూడా.

ట్రంపెట్ అంటే మడతలు పెట్టిన గొట్టం. సాగదీస్తే 1.4 మీటర్ల పొడవుంటుంది. ట్రాంబోన్, యూఫోనియం అయితే 2.7 మీటర్లు, పెద్ద ట్యూబా అయితే అయిదున్నర మీటర్ల దాకా. ట్రంపెట్ గొట్టం లోపలి వెడల్పు 11 మిల్లీమీటర్ల పైచిలుకు. మౌత్‌పీస్ గొంతు మరీ సన్నం, 3.7 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ గొంతు చుట్టూ అర మిల్లీమీటరు మందాన మడ్డి పేరుకుందంటే గాలి పోయే దారి దాదాపు సగం మూసుకుపోయినట్టే. ‘పాతబడిపోయింది, స్వరం నిలవడం లేదు’ అని మూలన పడేసిన బాకాల్లో కొన్నిటికి నిజంగా కావలసింది ఒక స్నానం.

లోపల చేరేదంతా ఉమ్మే అనుకుంటారు చాలామంది. అందులో ఉమ్మి పాలు తక్కువ. ఒంటి వేడితో, నిండా తేమతో బయటికొచ్చిన ఊపిరి చల్లటి లోహానికి తగలగానే, ఐసునీళ్ల గ్లాసు మీద చెమ్మ పట్టినట్టు, గొట్టం లోపలి గోడల మీద నీరవుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగి వాటిని కొద్దిగా ఆమ్లంగా మారుస్తుంది. వాయించే ముందు తాగిన టీలోని చక్కెర, తిన్న మిఠాయి తునకలు, వేళ్లతో నొక్కే వాల్వులకు వేసిన నూనె, లాగి సర్దే గొట్టపు ముక్కలైన స్లైడ్లకు పూసిన గ్రీజు అన్నీ వాటికి తోడవుతాయి. కొన్నాళ్లకు బూడిద, నలుపు, ఆకుపచ్చ కలగలిసిన జిగురు తయారవుతుంది. ఆ ఆకుపచ్చే చిలుము.

పెళ్లి బ్యాండ్ల వాయిద్యాలకు అసలు గండం ముహూర్తాలు లేని రోజుల్లో. సీజనులో రోజూ ఊదుతుంటారు, నూనె వేస్తుంటారు, నీళ్లు వంచేస్తుంటారు. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే ఆఖరి ఊరేగింపు తాలూకు తడి లోపల ఉండగానే బాకా సంచిలోకి వెళ్లిపోతుంది. బయట వానాకాలం, లోపల ఆరని తేమ. స్లైడ్లు బిగుసుకుపోవడానికీ వాల్వుల్లోని పిస్టన్లు కదలకుండా మొరాయించడానికీ ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. దేశంలోని బ్యాండ్ల చేతుల్లో ఉన్న ఇత్తడి వాయిద్యాల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో, జలీ కోఠీ ప్రాంతంలో తయారైనవే. వాటిలో చాలావాటిని ఒకరి తర్వాత ఒకరు ఊదుతారు. పాతది కొంటున్నారంటే ముందటి మనిషి ఊపిరిని కూడా కొంటున్నారన్న మాట.

ఈ మాట వెటకారానికి అన్నది కాదు. అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో పరిశోధకులు ఒక స్కూలు బ్యాండుకు చెందిన 13 ఊదే వాయిద్యాల్లో 117 చోట్ల నమూనాలు తీసి 2011లో ఫలితాలు ప్రకటించారు. వందలకొద్దీ బ్యాక్టీరియా, బూజులు, ఈస్టులు బయటపడ్డాయి. మౌత్‌పీస్ వైపు ఎక్కువ, అవతలి కొస వైపు తక్కువ. అంతకు ముందు ఏడాదే కనెక్టికట్ వైద్యుడు మార్క్ మెటర్‌స్కీ, ఆయన సహచరులు ‘చెస్ట్’ అనే వైద్య పత్రికలో ఒక ట్రాంబోన్ వాద్యకారుడి సంగతి రాశారు. 35 ఏళ్ల మనిషి, 15 ఏళ్లుగా దగ్గు. ట్రాంబోన్ జోలికి పోకుండా రెండు వారాలు సెలవు మీద వెళ్లినప్పుడు దగ్గు తగ్గింది. వాయిద్యం లోపల పరీక్షిస్తే బూజూ బ్యాక్టీరియా కనిపించాయి. వాటిని ఏళ్ల తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు ఎదురుతిరిగాయని వైద్యుల అంచనా. ట్రాంబోన్‌ను క్రమం తప్పకుండా శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక ఆ దగ్గు పోయింది. బాకా ఊదే ప్రతివాళ్లకూ ఈ జబ్బు వస్తుందని కాదు, ఇది చాలా అరుదు. కానీ ఊదేవాళ్లు గాలి వదలడమే కాదు, మళ్లీ పీల్చుకుంటారు కూడా. పెదవులు తీయకుండా పీల్చినప్పుడు ఆ గాలి గొట్టంలోంచే వస్తుంది.

ఇక కడగడం. దానికి ముందు ఒక పరీక్ష ఉంది. మౌత్‌పీస్ దూర్చే గొట్టాన్ని లీడ్‌పైపు అంటారు. ఊపిరి మొదట తగిలేది అక్కడే కాబట్టి తుప్పు కూడా మొదలయ్యేది అక్కడే. వెలుతురులో పట్టుకుని దాన్ని పైనుంచి నిదానంగా చూడాలి. పసుపు లోహం మీద గులాబీ రంగు చుక్కలు, వాటి నడుమ ముదురు మచ్చ కనిపిస్తే పని ఆపేయాలి. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. బాకాలకు మామూలుగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలుపుతారు. లోపలి ఆమ్లం జింకును కొంచెం కొంచెంగా లాగేస్తే, మిగిలేది గుల్లబారిన రాగి. ఈ తెగులు లోపల పుట్టి బయటికి వస్తుంది, అంటే చుక్క పైన కనబడేసరికి గోడ సాంతం పోయినట్టే. అలాంటి గొట్టంలో బ్రష్ ఆడిస్తే చిల్లి పడుతుంది. మెకానిక్కు లీడ్‌పైపును విప్పి కొత్తది టంకం పెట్టగలడు; ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

చుక్కలు లేకపోతే పని సులువే. టబ్బు అడుగున మెత్తటి తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు మూడు చుక్కలు కలిపితే చాలు. నీళ్లు మరీ వేడిగా ఉంటే పైన వేసిన పారదర్శకమైన వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోతుంది. ఒక్కో స్లైడును లాగేటప్పుడు దానికి సంబంధించిన వాల్వును నొక్కి పట్టుకోవాలి. వాల్వుల మూతలు తిప్పి, పిస్టన్లను ఒక్కొక్కటిగా తీసి, 1, 2, 3 వరస చెడకుండా గుడ్డ మీద పరచాలి. పిస్టన్ పైభాగంలోని ఫెల్టు బిళ్లల్ని తడపకూడదు. నీళ్లు వదిలే మీట కింద కార్కు ఉంటే అది కూడా నానకుండా చూసుకోవాలి.

పావుగంట, ఇరవై నిమిషాలు నానాక బ్రష్ పని మొదలవుతుంది. ప్లాస్టిక్ తొడుగున్న పొడవాటి తీగకు రెండు కొసలా కుచ్చులుండే బ్రష్ వాయిద్యాల దుకాణాల్లో దొరుకుతుంది. తొడుగులేని ఇనుప తీగ వద్దు. దాని మొన గీసిన గీత లోపల అలాగే ఉండిపోతుంది, మడ్డి తర్వాతిసారి ఆ గీతనే పట్టుకుంటుంది. లీడ్‌పైపు తిన్నగా ఉంటుంది కాబట్టి బ్రష్ ఇటు నుంచి అటు హాయిగా పోతుంది. రెండో వాల్వు దగ్గరి చిన్న వంపులో మాత్రం బలవంతం చేయకూడదు. అక్కడ బ్రష్ ఇరుక్కుంటే దాన్ని తీయించడానికి అయ్యే ఖర్చు శుభ్రం చేయించే ఖర్చును మించుతుంది. మొదటిసారి తోసినప్పుడు అవతలి కొస నుంచి నల్లటి పీచుల్లాంటి మడ్డి ఊడిపడితే కంగారు పడనక్కర్లేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి కడిగితే సరి.

పిస్టన్లతోనే అసలు జాగ్రత్త. పిస్టన్‌కూ దాని గూడుకూ మధ్య సందు మనిషి వెంట్రుక మందం కన్నా తక్కువ. పిస్టన్ చేతిలోంచి జారి గచ్చు మీద పడితే, కంటికి ఆనని సొట్ట కూడా దాన్ని గూట్లో కదలనివ్వదు. పాత్రలు తోమే పొడులు, బ్రాసో లాంటి మెరుగు మందులు, పీచు ఇక్కడికి రాకూడదు. వాటిలోని రాపిడి రవ్వలు ఆ సందులో చేరితే ఊదిన ప్రతిసారీ అరగదీస్తూనే ఉంటాయి. చింతపండు, నిమ్మ, వెనిగర్లతో చిక్కు వేరే. బిందెనైతే పులుపు పోయేదాకా కడిగేయవచ్చు. మడతల గొట్టంలో ఏ మూల ఎంత పులుపు మిగిలిందో తెలుసుకునే దారి లేదు, మిగిలిన పులుపు జింకును లాగడం మానదు. రిపేరు షాపుల్లోనూ ఆమ్లాలు వాడతారు. కానీ ఎంత గాఢత, ఎన్ని నిమిషాలు అనే లెక్క వాళ్లకు తెలుసు. ఆమ్లం జోలికి పోకుండా అల్ట్రాసోనిక్ తొట్టెలో ముంచి, ధ్వని తరంగాలు పుట్టించే బుడగలతో మడ్డి వదిలించే షాపులూ ఉన్నాయి.

అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లు కూడా వద్దు. ఇత్తడి గురించి ఈ పాఠాన్ని చరిత్ర మన దేశంలోనే నేర్పింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు శాలల్లో దాచేది. వాటి ఇత్తడి తొడుగులు కారణం లేకుండా పగుళ్లిచ్చేవి. వానలు పడే కాలంలోనే పగులుతున్నాయి కాబట్టి దాన్ని ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తొడుగును ఒత్తి సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగలగొడుతున్నాయని 1921లో తేల్చారు. బాకా గొట్టాలు కూడా సాగదీసి, వంచి చేసినవే.

కడిగినవన్నీ నీడలో పూర్తిగా ఆరాలి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందన్న తొందర వద్దు, వార్నిష్ దెబ్బతింటుంది. స్లైడ్లకు పలుచగా గ్రీజు, పిస్టన్లకు వాల్వు ఆయిల్ నాలుగైదు చుక్కలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలం ఉదయం పూట గడ్డకడుతుంది. కదలని స్లైడును సుత్తితో కొట్టడం, ఇరుక్కున్న మౌత్‌పీస్‌ను పట్టకారుతో మెలిపెట్టడం అంటే టంకం ఊడగొట్టుకోవడమే. మౌత్‌పీస్‌ను బయటికి లాగే చిన్న పరికరం ప్రతి రిపేరు షాపులో ఉంటుంది, అక్కడ అది రెండు నిమిషాల పని. వాల్వులు పిస్టన్లలా పైకీ కిందికీ కాక గుండ్రంగా తిరిగే ఫ్రెంచ్ హార్న్ లాంటివాటిని ఇంట్లో విప్పనే కూడదు. తాతముత్తాతల కాలంనాటి అరుదైన బాకా అయితే కడగకుండా, ఊదకుండా ముందు నిపుణులకు చూపించడం మేలు. మ్యూజియంలు తమ పాత బాకాల్ని ఊదనివ్వడానికి వెనకాడేది కూడా ఊపిరిలోని తేమకు జడిసే.

మౌత్‌పీస్‌ను వారానికోసారి, మొత్తం వాయిద్యాన్ని మూడు నాలుగు నెలలకోసారి కడిగితే సరిపోతుంది. వాయించడం అయిపోగానే నీళ్లు వంచేసి, వాయించే ముందు నోరు పుక్కిలించుకునేవాళ్లకు ఆ అవసరం కూడా తగ్గుతుంది.

ఇంత చేసి బిగించాక ఊదితే గాలే పోకపోవచ్చు, బుగ్గలు ఉబ్బడమే మిగలొచ్చు. వాయిద్యం పాడైందని గాభరా పడి షాపుకు పరుగెత్తే పని లేదు. సాధారణంగా ఒకటో పిస్టన్ మూడో గూట్లో కూర్చుని ఉంటుంది, లేదా పిస్టన్ తన కీలు గాడిలో పడకుండా పక్కకు తిరిగి ఉంటుంది. పిస్టన్ల మీద అంకె చెక్కి ఉంటుంది. అది చూసుకుని సరైన గూట్లో పెట్టి, టిక్కుమనేదాకా మెల్లగా తిప్పి, మూత బిగించి మళ్లీ ఊదితే బాకా పలుకుతుంది.