గుయ్యిమనే మోత ఎక్కడిది?

వర్ధన్నపేటలో మా పెద్దబాపు ఇంట్లో పాత ఆంప్లిఫయర్, రెండు పెద్ద బాక్సులు ఉన్నాయి. ఐనవోలు మల్లన్న జాతరలో ఎప్పుడో టేపు చేసిన ఒగ్గుకథను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకొని, హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి వైరు లాగి వింటారు. మొన్న ఫోన్ చేసి, "ఈ గుయ్యిమనుడు ఏంది బిడ్డా? డ్యాక్ కొనాలంటున్నరు, కొందామా?" అని అడిగారు.

వెళ్లి విన్నాను. కథ ఆపినా మోత ఆగలేదు. మౌసు కదిపితే బాక్సుల్లో గరగర. ఛార్జర్ పీకగానే గుయ్యిమనేది పోయింది, గరగర మిగిలింది. మళ్లీ కథ పెడితే దాని వెనక సన్నగా బుస్సుమనే చప్పుడు. మూడు చప్పుళ్లు, మూడు కారణాలు. డ్యాక్‌తో పోయేది వాటిలో ఒక్కటే.

కంప్యూటర్‌లో పాట అంకెలుగా ఉంటుంది. 1982లో వచ్చిన సీడీ లెక్కే చూడండి: సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తారు, ఒక్కో కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా రాస్తారు. ఆ అంకెలను తిరిగి కరెంటు అలగా మార్చేదే డ్యాక్. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్ల ముందుండే గళ్ల కాగితాన్ని తలచుకోండి. పువ్వు వంపు గళ్లుగా మారుతుంది, ఆ గళ్లను చూసి మగ్గం మీద మళ్లీ పువ్వు నేస్తారు. అయితే ఒక తేడా ఉంది. జంపఖానా పువ్వును దగ్గర్నుంచి చూస్తే అంచున మెట్లు కనిపిస్తాయి. డ్యాక్ నుంచి వచ్చే అలలో మెట్లుండవు, చివరి ఫిల్టర్ వాటిని నున్నగా చేస్తుంది. అంకెలు ఎక్కువుంటేనే పాట నున్నగా ఉంటుందన్న మాట అందుకే నిలబడదు.

ఇంతకీ మీ ల్యాప్‌టాప్‌లో డ్యాక్ ఇప్పటికే ఉంది, లేకుంటే అసలు పాటే రాదు. ఆ చిప్పు సాధారణంగా మంచిదే. కూర్చున్న చోటే మంచిది కాదు. ప్రాసెసర్, మెమరీ, కరెంటును కోసి పంచే సర్క్యూట్లు అన్నీ అదే బోర్డు మీద పక్కపక్కనే పనిచేస్తుంటాయి. మౌసు కదిపినప్పుడు వినిపించే గరగర వాటిదే. మార్పిడి పనిని డబ్బా బయటికి తెస్తే ఆ గరగర చాలావరకు పోతుంది. యూఎస్‌బీ డ్యాక్ చేసే అసలు మేలు ఇదే, దీనికి వేలు పోయనక్కర్లేదు.

వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే టైప్-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్లలో, ఆపిల్‌ది సహా, చిన్న డ్యాక్ చిప్పు ఉంటుంది. ఆంప్లిఫయర్‌లో ఆక్స్ అనే ఇన్‌పుట్‌కు అది చాలు. పాత ల్యాప్‌టాప్‌కు టైప్-సీ లేకపోతే మామూలు యూఎస్‌బీకి మార్చే చిన్న ముక్క జత చేసుకోవాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, లోపల చిప్పే లేని ఉత్త వైరు అడాప్టర్లూ అమ్ముతారు. అవి కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి, కంప్యూటర్‌కు పనికిరావు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పరీక్ష ఒకటే: పెట్టగానే కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో కొత్త పరికరం పేరు కనిపించాలి. కనిపించకపోతే తిరిగి ఇచ్చేయండి.

డబ్బా మీద 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని ఉంటే దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. 16 బిట్లతోనే, అంటే సీడీలోని ఆ 65,536 మెట్లతోనే, అతి చిన్న ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 96 డెసిబెళ్ల ఎడం దొరుకుతుంది. ఫ్యాన్ తిరిగే గదిలో అంత ఎడం చెవికి అందే దారే లేదు. ఆ డబ్బు మంచి బాక్సులకు పెడితే తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది.

ఛార్జర్ పెడితే వచ్చే గుయ్యి వేరే సంగతి, ఎర్తింగ్‌ది. యూఎస్‌బీ డ్యాక్ పెట్టినా ఎర్త్ తీగల లంకె తెగదు కాబట్టి గుయ్యి పోదు. ముందు ల్యాప్‌టాప్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెట్టాలి, మామూలువి కొన్ని వందల్లోనే వస్తాయి. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరగ్గొట్టకండి. షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే. టీవీ పాటలు వినేవాళ్లకైతే ఇంకో దారి ఉంది. ఆప్టికల్ వైరులో వెలుగే వెళ్తుంది, కరెంటు వెళ్లదు. ఆ వైరును అందుకునే చిన్న డ్యాక్ డబ్బా పెట్టుకుంటే టీవీ వైపు నుంచి గుయ్యి రాదు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండ్‌ను పీసీఎంకు మార్చాలి, డాల్బీలో ఉంటే చవక డబ్బాలు పలకవు.

పెద్దబాపు ఇంట్లో ఒకే బోర్డుకు పెట్టగానే గుయ్యి పోయింది. అడాప్టర్‌తో గరగర పోయింది. బుస్సు మాత్రం అలాగే ఉంది, అది క్యాసెట్‌ది, అంకెల్లోనే రాసి ఉంది. ఆ సంగతే చెబితే, "అది ఉండనియ్ బిడ్డా, టేపు ఎప్పుడూ గట్లనే పలికేది" అని వాల్యూం పెంచారు. ఒగ్గుడోలు మీద మొదటి దెబ్బ పడింది.