‘ఇంటికి పోతా’నంటే ఏం చేస్తారు?

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలకు ఆశ్రమం వెతికేవారు ముందుగా అడగవలసిన మాట

పొద్దుగూకే వేళకు ఆ జబ్బు ఉన్న మనిషిలో అలజడి మొదలవుతుంది. తాను కట్టించిన ఇంట్లోనే, తన మంచం మీదనే కూర్చుని ‘చీకటి పడుతోంది, ఇక ఇంటికి పోతాను’ అంటాడు. ఇదే మనిల్లు నాన్నా అని కొడుకు చెబితే వినడు. చెప్పులు వెతుక్కుంటాడు. వీధి తలుపు తీసి ఉంటే చాలు, గట్టు వెంట నడిచిపోతాడు. గోదావరి డెల్టాలో ఏ వీధి చివర చూసినా పంటకాలువో, బోదెయో, చేపల చెరువో ఉండనే ఉంటుంది!

ఊళ్లలో దీనిని చాదస్తమని సరిపెట్టుకోవడం పరిపాటి. డాక్టర్లు డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్ జబ్బు. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ మొదటిసారి దానిని వివరించినందున ఆ పేరు వచ్చింది. మన దేశంలో అరవై దాటిన ప్రతి నూరుమందిలో ఏడుగురికి పైగా, మొత్తం 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏ ఊరూ దీనికి మినహాయింపు కాదన్నమాట.

జబ్బు ముదిరే కొద్దీ బరువంతా ఇంట్లో ఒక్కరి మీదనే పడుతుంది. సాధారణంగా ఆ ఒక్కరు ఆడమనిషే. డెబ్బయ్యేళ్ల భార్య కావచ్చు; పగలు పశువులనూ వంటనూ చూసుకుని రాత్రి కూడా మేలుకోవలసిన కోడలు కావచ్చు. పిల్లలు హైదరాబాదులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. డబ్బు పంపగలరు గాని నిద్ర పంపలేరు కదా! నెలల తరబడి కంటి మీద కునుకు లేకపోయాక గాని ‘ఎక్కడైనా చేర్పిద్దామా’ అన్న మాట ఎవరి నోటా రాదు. వచ్చిన మరుక్షణమే ‘లోకం ఏమంటుంది’ అన్న మాట కూడా వస్తుంది. ఆ లోకం ఒక్క రాత్రి వచ్చి కాపలా కూర్చోదు. కనుక దాని మాటకు ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇవ్వడం మంచిది.

వంతులతో చేటు

అన్నదమ్ములున్న ఇళ్లలో ఆశ్రమం కంటే ముందు జరిగే ఏర్పాటు వంతులు. నెల పెద్దవాడి ఇంట, నెల చిన్నవాడి ఇంట. పొలం పంచుకున్నట్లే అమ్మనూ పంచుకోవడం కొత్త కాదు. మామూలు ముసలితనానికి అది ఎలాగో సరిపోయినా, ఈ జబ్బుకు మాత్రం చేటు చేస్తుంది. దొడ్డి ఎటువైపో, మంచినీళ్ల బిందె ఎక్కడో అలవాటయ్యేసరికి వంతు మారిపోతుంది. చోటు మారిన ప్రతిసారీ తికమక పెరుగుతుంది, రాత్రి తిరుగుడు ఎక్కువవుతుంది. మనిషిని ఒకరి ఇంటనే ఉంచి, మిగిలినవారు ఖర్చు భరిస్తూ, వారానికి రెండు రాత్రులైనా వచ్చి కాపలా పడుకోవడం మేలు. అది కుదరనప్పుడే ఆశ్రమం సంగతి ఆలోచించాలి.

అంతకంటే ముందు మానసిక వైద్యుడికో, నరాల డాక్టరుకో చూపించడం తప్పనిసరి. మతి తప్పినట్లు కనిపించే ప్రతి మనిషికీ డిమెన్షియా ఉండదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాధి, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం - ఇవన్నీ అచ్చం అలాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. నిన్నటి దాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే తికమక పడుతుంటే మూత్రంలో చీమో, రక్తంలో ఉప్పు తగ్గడమో కారణం కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది ఆస్పత్రికి. అసలు జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఉన్న మందులు కొందరికి కొంతకాలం కాస్త తోడ్పడతాయి.

చూడవలసిన వేళ

చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకుంటాయి. కొన్ని చేర్చుకున్నా, జబ్బు ముదిరాక ‘వచ్చి తీసుకుపొండి’ అని కబురు పెడతాయి. కాబట్టి మొదటి ఫోనులోనే సంగతి తేల్చుకోవాలి. రాత్రిళ్లు తిరిగే మనిషిని తీసుకుంటారా? పక్క తడిపితే? మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా? జబ్బు సంగతి దాచి చేర్పించేవారూ లేకపోలేదు. అది వారం తిరగకుండానే బయటపడుతుంది. ఆ తర్వాత అవస్థ పడేది పెద్దమనిషే.

వచ్చి చూడమని మేనేజరు చెప్పే వేళ సాధారణంగా పగలు పదకొండు. అప్పటికి స్నానాలు అయి ఉంటాయి, గచ్చు కడిగి ఉంటుంది, పూలకుండీలకు నీళ్లు పోసి ఉంటారు. మర్యాదకు ఆ వేళకే ఒకసారి వెళ్లవచ్చు. అసలు చూడవలసింది మాత్రం సాయంత్రం ఆరు గంటలకు, అదీ చెప్పకుండా వెళ్లి. గేటు దగ్గరే ఆపేసి రేపు రమ్మంటే ఆ ఆశ్రమం సంగతి సగం తెలిసినట్లే.

ఆ వేళకు అక్కడ ఎవరో ఒకరు ఇంటికి పోతానని లేచే ఉంటారు. అప్పుడు ఆయా ఏం చేస్తుందో గమనించాలి. ‘ఎక్కడికి? కూర్చో!’ అని కసిరే ఆయాలున్నారు. గదిలో పెట్టి బయట గడియ వేసేవారున్నారు. ‘పోదాం తాతగారూ, టీ తాగి పోదాం, మీకు గేదెలెన్ని?’ అంటూ చెయ్యి పట్టుకుని వరండాలో రెండు చుట్లు తిప్పేవారూ ఉన్నారు. ఈ చివరి రకం మనుషులున్న చోట పాలరాయి పరచకపోయినా ఫరవాలేదు. ఈ జబ్బులో వాదించి ఒప్పించడం జరిగే పని కాదు. ఆ మాట అనే మనిషికి అప్పుడు కావలసింది తెలిసిన ముఖం, కాస్త ధైర్యం. మేనేజరును కూడా అదే ప్రశ్న అడగాలి: ‘మా నాన్నగారు ఇంటికి పోతానంటే ఏం చేస్తారు?’ వెంటనే గేటు తాళం గురించి చెబితే ఒక అర్థం. ఎవరు తోడు ఉంటారో, ఎలా మాట కలుపుతారో చెబితే మరొక అర్థం.

ఎవరూ లేవకుండా, ఆరింటికే అందరూ మంచాల మీద మగతగా పడి ఉంటే మాత్రం అనుమానించాలి. అది ప్రశాంతత కాకపోవచ్చు, మాత్రల ప్రభావం కావచ్చు. అలజడిని అణిచే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణం ముప్పును పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఏ మాత్ర, ఏ డాక్టరు రాశాడు, ఏ వేళకు ఇస్తున్నారు - రిజిస్టరు చూపమని అడగడంలో తప్పు లేదు. మంచం కోళ్లకు గుడ్డపేలికలు కట్టి ఉన్నాయేమో కూడా ఓరకంట చూడాలి. మానసిక జబ్బు ఉన్న మనిషిని గొలుసుతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా నిషేధించింది. కట్టి ఉంచడం వల్ల వచ్చే పుండ్లు చట్టం కంటే ముందే సాక్ష్యం చెబుతాయి.

రాత్రి పది దాటాక ఎందరు పెద్దలకు ఎందరు ఆయాలు ఉంటారు? పగటి లెక్క చెప్పి తప్పించుకోనివ్వకూడదు. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ముప్పయి మందికి ఒక్క ఆయా ఉంటే అది జరిగే పనేనా?

కంచం, గోళ్లు, కాటా

వడ్డన చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కంచం ముందు పెట్టి, అరగంట తర్వాత అలాగే తీసుకుపోతే ‘తినలేదు’ అని రాసుకుంటారు. నిజానికి ఈ జబ్బు ముదిరిన మనిషికి ముందున్నది అన్నమని, కలుపుకుని తినాలని కూడా తోచకపోవచ్చు. పక్కన కూర్చుని ముద్ద కలిపి చేతిలో పెట్టేవారు కావాలి. మింగడం కష్టమైనవారికి మెత్తగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, తొందర లేకుండా తినిపించాలి. లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేరిన రోజునే బరువు తూచి, ప్రతి నెలా తూచి రాస్తారా అన్నది కనుక్కోవాలి. కాటా అబద్ధం చెప్పదు.

పెద్దల గోళ్లు చూడాలి, పెదవులు ఎండి ఉన్నాయేమో చూడాలి. ఒంటి మీది బట్టలు ఎవరివి వారివేనా, ఉతికిన మూటలోంచి చేతికొచ్చినవి తొడిగారా? కళ్లజోడు, కట్టుడు పళ్లు పోయిన ఆశ్రమాలు చాలానే ఉన్నాయి. మూత్రం కంపు ఎలాగూ చెడ్డదే, అయితే దానిని కప్పే ఫినాయిలు వాసన మరీ ఘాటుగా ఉన్నా ఆలోచించాలి. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి, లోపల గడియ బయటనుంచి కూడా తీయడానికి వీలుండాలి. నల్లటి పట్టా పరిచి ఉంటే ఈ జబ్బున్నవారికి అది గొయ్యిలా కనిపించి అడుగు వేయరు. తెల్ల గోడ ముందు తెల్ల కమోడు పెడితే ఆనవాలు పట్టలేక బయటే కానిచ్చేస్తారు. ఇవి చిన్న సంగతులే అయినా ఆశ్రమం నడిపేవారికి జబ్బు తెలుసో లేదో వీటివల్లనే తేలుతుంది.

పెద్ద నగరాలలో చేర్పించేవారు భాష సంగతి మరచిపోతారు. కొన్ని చోట్ల ఆయాలు ఇతర రాష్ట్రాలవారు. జబ్బు ముదిరిన కొద్దీ మనిషికి చిన్ననాటి మాటలే మిగులుతాయి. ‘దాహం’ అంటే అర్థం కాని చోట నీళ్లు ఎవరిస్తారు?

ఒక కాగితం రాసిచ్చి చూడటం మరో మంచి పద్ధతి. పెద్దమనిషిని ఇంట్లో ఏమని పిలుస్తారు, ఏం పని చేసేవారు, కాఫీయా టీయా, పచ్చళ్లలో ఏది ఇష్టం, దేనికి భయపడతారు - ఒక పేజీ చాలు. నలభై ఏళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు తీసిన మనిషి ఆశ్రమంలోనూ నాలుగింటికే లేస్తాడు. ఆ సంగతి తెలియని ఆయాకు అది ‘రాత్రి గొడవ’. తెలిసిన ఆయా గ్లాసుడు కాఫీ ఇచ్చి కుర్చీ వేస్తుంది. పొద్దస్తమానం విస్తళ్లు కుట్టిన మామ్మగారికి చేతిలో ఆకులు పెడితే గంటసేపు అలజడి ఉండదు. ఆ కాగితాన్ని చదవకుండా ఫైల్లో పెట్టేసే మేనేజరు ఎటువంటివాడో వేరే చెప్పనక్కరలేదు.

కాగితాలు, చట్టాలు

నెలకు ఇంత అని చెప్పే మొత్తంలో మందులు, డైపర్లు, డాక్టరు ఫీజు కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి. డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు? నెల రోజులు చూసి కుదరకపోతే ఏం తిరిగొస్తుంది? అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ ఆస్పత్రికి, ఎవరు వెంట వెళతారు? కన్నుమూస్తే కబురు ఎంతసేపట్లో చేరుతుంది? ఈ చివరిది అడగడానికి నోరు రాదు గాని అడగవలసిందే. బ్యాంకు పుస్తకం, ఆధార్ అసలు కాపీ, పొలం కాగితాలు ఆశ్రమానికి ఇవ్వకూడదు. పింఛను ఎవరి చేతికి అందుతుందో ముందే తేల్చుకోవాలి. అన్నదమ్ములకూ ఇది వర్తిస్తుంది. అర్థం చేసుకునే స్థితిలో లేని మనిషి చేసిన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. చేర్పించే ముందు రోజు వేలిముద్రలు వేయించుకోవడం అందుకే పనికిరాదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక్కటి, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలినంత ఆశ్రమాన్ని ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునని అందులో ఉంది. చేయాలి అని లేదు, చేయవచ్చు అని ఉంది! అదే చట్టం ప్రకారం సంరక్షణలో ఉన్న వృద్ధులను వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడం నేరం. మూడు నెలల వరకు జైలు గాని, 5 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. బాగా చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆశ్రమాల సమాచారానికి వృద్ధుల సహాయ ఫోను 14567 ఉంది. చూసుకునేవారికే మనసు కుదుట లేకపోతే 14416కు పగలైనా రాత్రైనా చేయవచ్చు.

చేర్పించిన మొదటి వారాల్లో అలజడి పెరగడం మామూలే. దానిని చూసి మూడో రోజే ఇంటికి తెచ్చేయడం, మళ్లీ చేర్పించడం వల్ల తికమక ఎక్కువవుతుంది. వాడిన దుప్పటి, పాత తువ్వాలు, పెళ్లినాటి ఫొటో వెంట పంపాలి. చూడడానికి ఆదివారం పది నుంచి పన్నెండు దాకానే రావాలనే చోటు కంటే ఎప్పుడైనా రానిచ్చే చోటు నయం. తిరిగి బయలుదేరడం అన్నిటికంటే కష్టమైన ఘట్టం. భోజనాల వేళ చూసుకుని వెళ్లి, కంచం ముందుకు వచ్చి పెద్దమనిషి ధ్యాస ముద్ద మీదకు మళ్లాక మెల్లగా లేచి రావడం అలవాటు చేసుకున్న కుటుంబాలు ఉన్నాయి.