చీర కథ రాశాను, వెల రాయలేదు

పోయిన వేసవి సెలవుల్లో మా పెద్దమ్మ వాళ్లకి ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాను. వాళ్లది మంగళగిరి. ఇంట్లోనే గుంట మగ్గం. నేసిన చీరలన్నీ షావుకారుకే ఇస్తారు. "నేరుగా కొనేవాళ్లు దొరికితే నాలుగు డబ్బులు మిగులుతాయిరా" అంది పెద్దమ్మ. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కదా, ఇదెంత పని అనుకున్నాను.

ఎస్‌ఈవో మీద నాలుగు వీడియోలు చూసి, మంగళగిరి నేత గురించి పెద్ద వ్యాసం రాశాను. మన సాహితీ క్లబ్బులో నేర్చుకున్న తెలుగంతా అందులో పోశాను. రెండు నెలలకు చదివేవాళ్లు బానే వచ్చారు. కొన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ వ్యాసం పెద్దమ్మకి చదివి వినిపిస్తే అంతా విని ఒకటే అడిగింది: "బాగుంది గానీ, చీర వెల ఎంతో చెప్పలేదేంట్రా? రంగేంటి? జాకెట్టు ముక్క ఉందా?"

నా తప్పంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

మామూలు సెర్చ్ ఇంజిన్ వెతికేది పేజీల కోసం. దాని క్రాలర్ లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి తిరుగుతూ, కనిపించిన రాతని సూచికలో చేర్చుకుంటుంది. ఒక పేజీకి ఎవరెవరు లింకులిచ్చారన్నది దాని విలువకి ఒక కొలత. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ రాసిన పరిశోధన పత్రంలోని పేజ్‌ర్యాంక్ ఇదే. అందుకే ఎస్‌ఈవో అంటే మంచి శీర్షిక, ఉపయోగపడే వ్యాసం, నలుగురూ లింకిచ్చేంత నమ్మకం. "మంగళగిరి చీర ఎలా ఉతకాలి" అని అడిగేవాళ్లకి ఇది సరిపోతుంది.

"ఆకుపచ్చ మంగళగిరి చీర" అని కొట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి వ్యాసం అక్కర్లేదు, వస్తువు కావాలి. షాపింగ్ సెర్చ్ ఉన్నది వాళ్ల కోసమే. గూగుల్ 2002లో ఫ్రూగుల్ పేరుతో ఇలాంటిది మొదలుపెట్టింది. అదే తర్వాత గూగుల్ షాపింగ్ అయింది. 2012లో డబ్బు కట్టే ప్రకటనల పద్ధతికి మారి, 2020లో మళ్లీ ఉచిత లిస్టింగులకూ చోటిచ్చింది.

ఇక్కడ అమ్మేవాళ్లు ఇవ్వాల్సింది ఒక పట్టిక. దాన్ని ప్రొడక్ట్ ఫీడ్ అంటారు. వరసకో వస్తువు. గడుల్లో పేరు, వెల, రంగు, ఫొటో, వర్గం, స్టాకుందో లేదో. ఒకరకంగా మన పరీక్ష దరఖాస్తు లాంటిదే. దాంట్లో కవిత్వం రాస్తే ఎవరూ చదవరు, గడి ఖాళీగా వదిలితే హాల్‌టికెట్ రాదు!

నేను మార్చినవి ఇవి:

పేరు: మొదట "తరతరాల మగ్గం చెప్పే కథ" అని పెట్టాను. ఇప్పుడు "మంగళగిరి చేనేత నూలు చీర, నిజాం అంచు, ముదురు ఆకుపచ్చ, జాకెట్టు ముక్కతో" అని ఉంది. గూగుల్ పట్టికలో పేరుకి 150 అక్షరాల దాకా చోటుంది. కానీ చూసేవాళ్లకి చాలాసార్లు మొదటి 70 లోపే కనిపిస్తాయి. కాబట్టి ముఖ్యమైన మాట ముందుండాలి.

ఫొటో: మొదట్లో ఫొటో మీదే ఫోన్ నంబరు వేశాను. ప్రధాన చిత్రం మీద అలాంటి రాతలు ఒప్పుకోరు. పగటి వెలుతురులో చీర మాత్రమే కనిపించేలా మళ్లీ తీశాను.

గుర్తింపు సంఖ్య: ఫ్యాక్టరీ సరుకుకి బార్‌కోడ్ కింద జీటీఐఎన్ అనే సంఖ్య ఉంటుంది. ఒకే వస్తువుని పదిమంది అమ్ముతుంటే అన్నీ ఒకటేనని దీన్నిబట్టే తెలుస్తుంది. పెద్దమ్మ చీరకి అది లేదు. లేనప్పుడు లేదనే చెప్పాలి, దానికీ ఒక గడి ఉంది. ఎక్కడిదో నంబరు తెచ్చి పెట్టకూడదు.

వెల, స్టాకు: పట్టికలో ఒక వెల, వెబ్‌సైట్‌లో ఒక వెల ఉంటే లిస్టింగ్ ఆగిపోతుంది. నూలు ధర పెరిగిందని పెద్దమ్మ వంద రూపాయలు పెంచితే నేను ఒకచోటే మార్చాను. మర్నాటికి ఆ చీర కనిపించలేదు. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా చీర కొన్నా, ఆ సాయంత్రమే పట్టికలో "స్టాకు లేదు" అని మార్చాలి.

ఒక్క విషయంలో నాకూ పెద్దమ్మకీ వాదన జరిగింది. "పట్టు అని వెతికేవాళ్లు ఎక్కువమంది ఉంటారు, పేరులో ఆ మాట కూడా వేద్దాం" అన్నాను. "నూలు చీరని పట్టంటే ఒకసారి కొంటారు. చేత్తో పట్టుకోగానే తిప్పి పంపుతారు. అటూ ఇటూ పార్సిలు ఖర్చు నువ్వు కడతావా?" అంది. వేయలేదు. మరమగ్గం బట్టని చేనేతగా అమ్మేవాళ్ల వల్ల నష్టపోయే ఇంట్లో ఆ మాట ఎందుకంత గట్టిగా వచ్చిందో నాకు తర్వాత అర్థమైంది.

అలాగని మొదటి వ్యాసం తీసేయలేదు. వస్తువు చూసి వచ్చినవాళ్లు నమ్మకం కోసం దాన్ని చదువుతారు. ఇప్పుడు దాని కింద ప్రతి చీరకీ లింకుంది, వెలతో సహా.

దసరా లోపు మూడు చీరలు వెళ్లాయి. షావుకారుని మానేసేంత కాదు. కానీ ఆ మూడింటి వెలా నేసినవాళ్ల చేతికే వచ్చింది. మీ ఇంట్లోనూ ఎవరైనా పచ్చళ్లో బొమ్మలో చేసి అమ్ముతుంటే, సైట్ మొదలుపెట్టే ముందు ఒకపూట వాళ్ల పక్కన కూర్చోండి. కొనేవాళ్లు ఏమేం అడుగుతున్నారో రాసుకోండి. ఆ పట్టికలో నింపాల్సినవి అవే.