కొండ పొదపిగిలి

కొండ పొదపిగిలి బుల్‌బుల్ జాతి పక్షి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది లేదు. 1840ల్లో థామస్ జెర్డాన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఎక్కడ వెతకాలో తెలుగు పేరే చెబుతోంది. కొండ ఉండాలి, ఆ కొండమీద పొద ఉండాలి. ఆ రెండూ ఉన్న శేషాచలం అడవులూ, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, ఆ చుట్టుపక్కల గుట్టలూ దీనికి నెలవులు.

ఈ పక్షి కోసం ఆ గుట్టల్లో బండల సందులు చూడాలి. వానకు కొట్టుకొచ్చిన మట్టి ఆ సందుల్లో నిలిచి, తేమ పట్టి, ముళ్లపొదలు లేస్తాయి. పగుళ్లలో మర్రి, జువ్వి వేళ్లూనుతాయి. వాటి పళ్లూ, పొదల్లోని పురుగులూ పిగిలికి ఆహారం.

ఊళ్లో కనిపించే మామూలు పిగిలికి తలమీద నల్లటి కుచ్చు, తోక మొదట్లో కింద ఎర్ర మచ్చ ఉంటాయి. కొండ పొదపిగిలికి కుచ్చు లేదు. తల, గొంతు పసుపు పూసినట్టుంటాయి. ఒళ్లు బూడిద రంగు, తోక చివర లేత పసుపు. బెదురు ఎక్కువ, అలికిడైతే పొదలోకి దూరిపోతుంది. తెల్లవారుజామునే వెళ్లి, పండ్లున్న చెట్టుకు కాస్త దూరంలో కదలకుండా కూర్చోవాలి. ముందు కూత వినబడుతుంది. పొదపిగిలి అనే మరో బుల్‌బుల్ కూతా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి, పసుపు గొంతు కనబడేదాకా నిర్ధారణకు రాకూడదు.

ఈ ప్రాంతంలో పక్షుల పరిశీలనకు, మదనపల్లె దగ్గరి లోయలో ఉన్న రిషీవ్యాలీ పాఠశాలే పెద్దబడి. బోడిగా మారిన కొండలకు అక్కడ చెట్లతో మళ్లీ పచ్చదనం తెచ్చారు. 1991లో ఆ లోయను పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. ఇంటి దగ్గరే ఉండి పక్షిశాస్త్రం నేర్చుకునే కోర్సును ఎస్. రంగస్వామి అక్కడి నుంచే నడిపారు. శేషాచలం కొండలకు 2010లో జీవావరణ రక్షిత ప్రాంతం హోదా దక్కింది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ పక్షిని ముప్పున్న జాతుల్లో చేర్చింది. వేసవి కార్చిచ్చు, వంటచెరకు నరుకుడు, గ్రానైట్ క్వారీలు దీనికి శత్రువులు. కాలిన పొద వానలకు చిగురిస్తుంది. నరికిన చెట్టు స్థానంలో మరొకటి నాటవచ్చు. కోసి తీసుకెళ్లిన బండ మాత్రం తిరిగి మొలవదు. అందుకే రక్షిత అడవులకు బయట, క్వారీల బారిన పడే వీలున్న చిన్న గుట్టలను కాపాడటం ఈ పక్షికి అన్నిటికంటే అవసరం.