మావాడు మొండివాడేనా?

మూడో తరగతి దాకా మావాడి మీద ఒక్క ఫిర్యాదు లేదు. నాలుగులోకి వచ్చాడో లేదో, బడినుంచి చీటీలు రాసాగాయి: పక్కవాణ్ణి కొట్టాడనీ, పుస్తకం చించాడనీ. పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. బడి బస్సు వెళ్ళిపోగానే నొప్పి మాయమయ్యేది! మావారు రెండుసార్లు చెయ్యి చేసుకొన్నారు. "గారాబం చేసి పాడుచేశావు" అని అత్తగారు నన్ను దెప్పారు. చివరకు హాస్టల్లో వేసేద్దామని దరఖాస్తు కాగితం కూడా ఇంటికి వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పాలలెక్క పుస్తకం వెనక పేజీలో గళ్ళు గీశాను. ఏ రోజు? అంతకుముందు ఏం జరిగింది? వాడేం చేశాడు? తరువాత పెద్దవాళ్ళం ఏం చేశాం? మేష్టారిని అడిగి బడి సంగతులూ వ్రాశాను. రెండు వారాలకు చూద్దును గదా, గొడవలన్నీ సోమ, గురువారాల్లోనే! ఆ రోజుల్లో పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టి పాఠం పైకి చదివిస్తారట. అల్లరి చేస్తే బయటికి పంపుతారు. చదివే గండం తప్పుతుంది.

"చదవాలంటే భయమా నాన్నా?" అన్నాను.

"అక్షరాలు నాకొక్కడికే ఎందుకమ్మా రావు? నేను మొద్దునా?" అని బావురుమన్నాడు. మొద్దు అనిపించుకోవడం కంటే రౌడీ అనిపించుకోవడమే వాడికి నయమనిపించింది కాబోలు.

కళ్ళు, చెవులు పరీక్ష చేయించాం, లోపం లేదు. తరువాత పిల్లల మనస్తత్వం చూసే నిపుణురాలు పరీక్షించి డిస్లెక్సియా అన్నారు. తెలివికేమీ కొదవ లేదు. అక్షరాన్నీ ధ్వనినీ జతపరచడమే కష్టం. దెబ్బలకు లొంగేది కాదు, ఓపికగా, పద్ధతిగా నేర్పితే మెరుగయ్యేది. ఇటువంటి ఇబ్బందిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

అల్లరంతా జబ్బు కాదు సుమండీ! కాని పిల్లవాడి తీరు ఉన్నట్టుండి మారినా, వారాల తరబడి అలాగే సాగినా, తిండీ నిద్రా చెడినా, ఈడొచ్చిన పిల్లలు స్నేహితులను వదిలి గదిలో ముడుచుకొన్నా, తిట్టేముందు కారణం వెతకండి. "చచ్చిపోతాను" అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలక, ఆ రోజే సహాయం కోరండి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 నంబరులో డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

మావాడు ఇప్పటికీ తడుముకొంటూనే చదువుతాడు. కాని గురువారాల కడుపునొప్పి పోయింది. ఆ హాస్టలు దరఖాస్తు వెనకవైపు వాడిప్పుడు గుణింతాలు దిద్దుకొంటున్నాడు.