తాగాలనిపించే ఆ అరగంట

హైదరాబాద్‌లోని మదీనాగూడలో శుక్రవారం సాయంత్రమైతే చాలు, ఆఫీసు గ్రూపుల్లో 'ఇవాళ సిట్టింగ్ ఎక్కడ?' అన్న మెసేజ్ మొదలవుతుంది. మద్యం మాన్పించే చికిత్స ముగించుకుని హాస్టల్ గదికి తిరిగొచ్చిన కుర్రాడికి అసలు పరీక్ష అప్పుడే. పాత స్నేహితుడి పేరు, జీతం పడిన కబురు, హైవే పక్కన వైన్స్ బోర్డు... ఏది కంటపడినా మెదడు ఆ మత్తును ముందే ఊహించుకుని డోపమైన్ వదులుతుంది. తాగాలన్న తహతహ కెరటంలా లేస్తుంది. లొంగకుండా ఓర్చుకుంటే చాలామందిలో అరగంటలోపే తగ్గుతుంది.

ఆ అరగంటలో సోషల్ వర్కర్ పక్కన ఉండలేరు. ఫోన్ ఉంటుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గుస్టాఫ్‌సన్ బృందం ఈ ఆలోచనతోనే 'ఎ-చెస్' అనే యాప్ తయారుచేసింది. తాను తరచూ తాగే చోటికి మనిషి దగ్గరవుతుంటే అది హెచ్చరిస్తుంది. బటన్ నొక్కితే సాయం అందేలా చూస్తుంది. చికిత్సా కేంద్రాల నుంచి ఇంటికి వెళ్తున్న 349 మందిపై పరీక్షించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. మోతాదు మించి తాగిన రోజులు మామూలు చికిత్స పొందినవారిలో 30 రోజులకు సగటున 2.75 ఉంటే, యాప్ కూడా అందుకున్నవారిలో 1.39 మాత్రమే.

మన దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా పని ఆగనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి, అంటే వైన్స్ వైపు కాళ్లు లాగకముందే, ఒక ఫోన్ కాల్. శ్రీకాకుళంలో ఉన్న అమ్మను, మదీనాగూడలో ఉన్న కొడుకును కలిపే వీడియో కాల్. అర్ధరాత్రి అవసరానికి 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 'టెలి మానస్' నంబరు ఇది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మత్తు మానాలనుకునేవారికి 14446 కూడా ఉంది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019 జాతీయ సర్వే తేల్చింది. గుండె బరువెక్కించే లెక్క ఇది. మిగతా 37 మందినీ చేరడానికి అన్నిటికన్నా దగ్గరి దారి వాళ్ల జేబులోనే ఉంది.

అయితే ఫోన్ చేయలేనిదీ ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయేసరికి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం వంటివి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తేగలవు. వీడియోలో చేతులు వణుకుతూ కనిపిస్తే ఓదార్పు మాటలు చాలవు. చివరిసారి ఎప్పుడు తాగారో అడిగి వెంటనే ఆసుపత్రికి పంపాలి.

ఇంకో జాగ్రత్త గోప్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. డిజిటల్ రూపంలో దాచిన వివరాలను కూడా రహస్యంగా ఉంచాలంటుంది. రోగి ఫోటోను అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. ఐటీ ఉద్యోగికి సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉండనే ఉంటుంది. మెసేజ్‌లు పంపడానికి చికిత్స పొందినవారందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చారంటే ఒకరి నంబరు ఒకరికి తెలిసిపోతుంది. అదే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మెసేజ్ ఎవరిది వాళ్లకే వెళ్తుంది, ఇంకెవరికి వెళ్లిందో కనిపించదు.