మగబుద్ధి ప్రకృతిసిద్ధమా?

ఇల్లాలుండగా పరస్త్రీని కోరు పురుషుని గూర్చి మాట వచ్చినప్పుడు "మగవాని స్వభావమే అంత, సృష్టియే అట్లు చేసినది" అని పెద్దలు సైతము సరిపెట్టుకొందురు. పూర్వము ఈ మాటకు పురాణములను సాక్ష్యముగా చూపెడివారు. నేడు జీవశాస్త్రమును చూపుచున్నారు. ఆ సాక్షి నిజముగా ఏమి చెప్పుచున్నదో మనమే విచారింతము.

ఇందులకు దూరము పోనక్కఱలేదు. పిఠాపురమునకు చేరువనున్న ఉప్పాడ తీరమే చాలును. అచ్చటి ఇసుకలో సముద్రపు తాబేలు రాత్రివేళ గోతిని త్రవ్వి, ఇంచుమించు నూఱు గ్రుడ్లను పెట్టి, కప్పి, మరల కడలిలో కలియును. తండ్రి ఒడ్డునకే రాడు. తల్లియు తిరిగి చూడదు. ఒకే గోతిలోని పిల్లలకు వేర్వేఱు తండ్రులుండుటయు కలదు. అదే కడలిలో జాలరుల వలలకు చిక్కు జెల్లచేప నడవడి వేఱు. గోలీకాయలంతటి గ్రుడ్లను మగజెల్ల నోటిలో నుంచుకొని, అవి పిల్లలై యీదువఱకు వారములకొలది ఆహారము మాని కాపాడును. ఇఁక మన పల్లెల తాటిచెట్లపై గూళ్లల్లు గిజిగాడు మఱియొక విధము. మగపక్షి సగము గూడల్లి, ఆడుపక్షి దానిని మెచ్చి చేరినపిమ్మట పని ముగించి, వేఱొక గూటికి పూనుకొని మఱియొక జతను పిలుచును. పొదుగుట యంతయు తల్లిదే. బొంబాయి ప్రాంతమునందలి కిహీము గ్రామమున సలీం అలీ 1930లో దీనిని కనిపెట్టి లోకమునకు తెలిపెను.

ఈ మూడును ప్రకృతి బిడ్డలే. "ప్రకృతి యట్లు చేసినది" యను పెద్దమనిషి గిజిగానిని తలఁచి జెల్లచేపను మఱచుటయేల?

శాస్త్రజ్ఞులు చెప్పిన కారణమును తెలిసికొందము. ఆడుజీవి బీజము పెద్దది, సంఖ్యలో కొలది. మగబీజము సూక్ష్మము, లెక్కకు మిక్కిలి. సంతానముకొఱకు ఎక్కువ వెచ్చించువారు ఆచితూచి జతను ఎన్నుకొందురనియు, తక్కువ వెచ్చించువారు పెక్కు జతలకై పోటీపడుదురనియు 1972లో రాబర్టు ట్రివర్సు వివరించెను. మగవారు సాధారణముగా ఈ వాక్యముకడనే పుస్తకమును మూసివేయుదురు. కాని తరువాతి పుటయు కలదు. ఒక్కరి పోషణతో పిల్ల బ్రదుకనిచోట తండ్రి నిలిచియుండుటయే అతని వంశమునకు లాభము. అందుచేతనే పక్షిజాతులలో నూటికి తొంబది వఱకు జంటగా కాపురము చేయును. పాలిచ్చు జంతువులలో నట్టివి తక్కువ. సుమారు 2,500 జాతులను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారము నూటికి తొమ్మిది మాత్రమే. ఇంకొక విశేషము: పిల్లల డీ.ఎన్.ఏ. పరీక్షింపగా, జంటకట్టిన పక్షులలోను పెక్కింట పరుని బిడ్డలు బయల్పడిరి. చాపల్యము మగజాతి సొత్తే యను మాటయు నిలువలేదు.

మనుష్యుని సంగతి యేమి? గొరిల్లాలలో మగది ఆడుదానికి ఇంచుమించు రెట్టింపు బరువు. ఒక్క మగది పెక్కు ఆడువాటిని ఏలును. మనలో అంతటి భేదము లేదు. మన శిశువు ఏండ్లతరబడి చేతులలో పెరుగవలయును. ఫిలిప్పీనులలోని సెబూ నగరమున 624 మంది యువకులను కొన్నియేండ్లు పరిశీలించి 2011లో ప్రకటించినదేమన, తండ్రియైనవానియందు టెస్టోస్టిరోన్ అను పురుషరసము బాగుగ తగ్గును; బిడ్డను ఎత్తి పెంచువానియందు మఱింత తక్కువగ నుండును. అనఁగా చపలత్వమునకు వలెనే పితృత్వమునకును మగవాని దేహమున చోటున్నది. కోరిక పుట్టుట ప్రకృతి కావచ్చును. దానిని ఆచరించుట మాత్రము మనుష్యుని నిర్ణయమే.

ఈ మాటను మన సీమవారు ఏనాఁడో గ్రహించిరి. ఉప్పాడకు దక్షిణమున నున్న కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, శీలమునకు స్త్రీకొక కొలత, పురుషునికొక కొలత కూడదని బోధించి, భోగముమేళములను నిరసించిరి. యౌవనముననే భార్య గతింపగా మరల పెండ్లాడరైరి. చట్టము మాత్రము ఆలస్యముగా కదలెను. 1860 నాటి శిక్షాస్మృతి మగఁడు జీవించియుండగా మరల పెండ్లాడు స్త్రీకి ఏడేండ్ల వఱకు చెఱ విధింపవచ్చుననెను. హిందూపురుషునికి మాత్రము ఎన్ని పెండ్లిండ్లైనను అడ్డు లేకుండెను. 1949లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో దేశమంతటను హిందువులకు ద్విభార్యాత్వము నిషేధింపఁబడెను. ఆ నాఁడు మగవాని దేహము మాఱలేదు; అతఁడు లోకమునకు జవాబు చెప్పవలసివచ్చెను, అంతే.

సోదరులు ప్రకృతిని తమకు సాకుగా చెప్పుదురేగాని, ఆ సాకునే భార్య చెప్పిన నొక్క గడియ సహింతురా? సహింపరేని అది శాస్త్రము కాదు, సౌకర్యము. కావున, తల్లులారా! "మగపిల్లవాఁడు, ఏమిచేసినను చెల్లును" అను మాటను మన యిండ్లలో మనమే మానుదము. కూఁతునకు నేర్పు శీలమును కొడుకునకును నేర్పుదము. చంటిబిడ్డను అతని చేతికిచ్చి ఎత్తుకొననిండు. ఆ చేతులకును ఆ పని వచ్చును.